రాళ్లకు ప్రాణం వచ్చేదాకా

పోయిన వారం ఒక మధ్యాహ్నం ఎదురు ఫ్లాట్లో కొత్తగా దిగిన అమ్మాయి మా బెల్లు కొట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి, "ఆంటీ, మీకేమైనా వాసన వస్తోందాండీ? మేం ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టుకుంటున్నామండి. లైవ్ రాక్ తెప్పించి బాత్రూంలో క్యూర్ చేస్తున్నాం. కొన్నాళ్లు వాసనుంటుంది, ఏమీ అనుకోకండి" అని చెప్పి, నేనేమంటానోనని నా మొహం కేసి చూసింది. ఏమీ రావడం లేదమ్మా, మీ పని మీరు చేసుకోండని పంపించేశాను గానీ, నిజానికి ముందురోజు నుంచీ వస్తూనే ఉంది. కింద డ్రెయినేజీ నిండిందేమో చూడమని వాచ్‌మన్‌కి చెప్పాను కూడా. ఆ పిల్ల నోట రాళ్లన్న మాట వినబడేదాకా అదేం వాసనో నా ముక్కుకి తట్టలేదు. విన్నాక మాత్రం, తలుపు వేసి వెనక్కి తిరిగేలోపే, ఆ కంపు ఏమిటో, దాన్ని మొదటిసారి ఎక్కడ పీల్చానో, అప్పుడు మా ఇంట్లో ఎవరు ఎక్కడ నిలబడి ఏమని అరుస్తున్నారో అంతా ఒక్కసారిగా వచ్చి మీద పడింది.

అప్పట్నించీ నాకు కుదురు లేదు. పేపరు తెరిస్తే చదివిన వార్తే మళ్లీ చదువుతున్నాను. పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలో నిలబడితే అవి పొంగి మంట ఆరిపోయాక గానీ తెలియలేదు. ఈ వయసులో కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నానని నాకే నవ్వొచ్చి, ఇది రాసేస్తే గానీ దిగేది కాదని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మన ఈడు వాళ్లలో చాలామందికి అక్వేరియం అంటే హోటల్లో డబ్బులు కట్టే బల్ల పక్కన గాజుతొట్టి, అందులో ఎర్రచేపలు, బుడగలు వదిలే బొమ్మ. అది మంచినీళ్ల వ్యవహారం. ఇవాళ తొట్టి నింపి రేపు చేపలు వేసుకోవచ్చు. ఉప్పునీళ్ల సంగతి వేరు. అందులో చేపల కంటే ముందు రాళ్లు రావాలి. సముద్రంలో ఏళ్ల తరబడి నాని, ఒళ్లంతా బొరియలు పడ్డ రాయిలో కంటికి కనబడేవీ కనబడనివీ ఎన్నో జీవాలు కాపురముంటాయి; రేపు చేపలు చేసే మురికిని విరిచి పారేసేవి అవే. అయితే అలాంటి రాయిని నీళ్లలోంచి తీసి ఇంటికి తెచ్చేలోపు వాటిలో చాలా మట్టుకు చచ్చిపోతాయి, చచ్చినవి కుళ్లుతాయి. ఆ కుళ్లు తోమి, నీళ్లు మార్చి, వెలుతురు తగలకుండా, గాలి ఆడిస్తూ, మిగిలిన ప్రాణం పుంజుకునేదాకా కాచుకోవడాన్నే ఈ కాలం పిల్లలు క్యూరింగ్ అంటున్నారు. మా అన్నయ్య దాన్ని రాళ్లకి పత్యం పెట్టడం అనేవాడు.

అన్నయ్య సరుకుల ఓడలో ఇంజనీరు. పెళ్లయ్యాక కూడా ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే ఉండేవాడు. రాజమండ్రి దానవాయిపేటలో మా ఇల్లు. వీధి వైపు హాల్లో నాన్నగారు పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూట్. నాన్నగారు పోయాక దాన్ని మూసేద్దామని బంధువులంతా సలహా ఇస్తే, అప్పటికి మిషను మీద వేలు కూడా పెట్టని మా వదిన పట్టుబట్టి నేర్చుకుని ఆయన కుర్చీలో కూర్చుంది. ద్రాక్షారామం దగ్గర రైతు ఇంటి పిల్ల ఆవిడ. కోతల వేళ కళ్లంలో కూలీలని అదిలించిన గొంతు. అదే గొంతుతో వేళ్ల కేసి చూడకు, పుస్తకంలోకి చూడు అంటే కుర్రాళ్ల వెన్నులు నిటారుగా అయ్యేవి. నేను ఊళ్లోనే ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని, పెళ్లి ఊసు వాయిదా వేసుకుంటూ వదినతో పాటు ఉండేదాన్ని. పొద్దుటే మొదటి బ్యాచి టకటకలతో మొదలై సాయంత్రం ఆఖరి మిషను మీద గుడ్డ కప్పడంతో మా రోజు ముగిసేది. ఇద్దరు ఆడవాళ్లం, ఎవరి పని వాళ్లం, ఇల్లు చెప్పినట్టు వినేది. అన్నయ్య సెలవుల్లో చుట్టంలా వచ్చేవాడు, మేమూ చుట్టానికి చేసినట్టే చేసేవాళ్లం, పులసలూ సినిమాలూ అయ్యాక పెట్టె సర్దుకుని వెళ్లిపోయేవాడు.

అలాంటి మనిషిని ఒక ఏడు బొంబాయిలో కంపెనీ డాక్టర్లు ఆపేశారు. గుండె కొట్టుకునే తీరులో ఏదో తేడా ఉందిట, భయపడాల్సిందేమీ లేదుట, మళ్లీ పరీక్ష చేసి సరేననేదాకా మాత్రం ఓడ ఎక్కకూడదుట. వదిన ఆ కబురు విని లోపలికి వెళ్లి దేవుడి దగ్గర దీపం వెలిగించింది. గుండె బాగుండాలని మొక్కుకుందో, ఇంటికొస్తున్నాడని సంతోషించిందో అడిగే చనువు అప్పటికి నాకు లేదు.

వచ్చిన కొద్ది రోజులకే తెలిసింది, ఇంట్లో ఉన్నది మనిషి కాదు, ఆపకుండా తిరిగే మోటారని. కదలని మంచం మీద నిద్ర పట్టడం లేదనేవాడు. మెత్తగా తిరుగుతున్న ఫ్యాన్లని విప్పి నూనె వేశాడు. గ్రైండరు విప్పాడు. పక్కింటివాళ్ల నీళ్ల మోటారు విప్పాడు. ఆఖరికి ఒక ఆదివారం వదిన గుడికి వెళ్లిన సమయం చూసి టైపు మిషన్లు విప్పి, తిరిగి బిగించేటప్పుడు ఒకదాని అక్షరాలు ఇంకోదాంట్లో పెట్టాడు. మర్నాడు మొదటి బ్యాచిలో ఒక పిల్ల డియర్ సర్ అని కొడితే కాగితం మీద మరేదో పడింది. వదిన ఆ కాగితం తెచ్చి అతని కంచం పక్కన పెట్టి, ఒక్క మాటా అనకుండా వడ్డించింది. తిట్టినా బాగుండేది. అతను చేతులు కడుక్కుని గోదావరి గట్టుకి వెళ్లిపోయాడు. రోజూ వెళ్లేవాడు గట్టుకి, రైలు బ్రిడ్జి దాకా నడిచి వచ్చేవాడు, వచ్చి ఏం నది ఇది, ఎప్పుడు చూసినా ఒక వైపుకే పోతుంది అని విసుక్కునేవాడు.

ఏదో ఒకదాని ముందు కూర్చోపెట్టండమ్మా, టీవీ అయితే టీవీ, అని మా ఫ్యామిలీ డాక్టరుగారు అంటే, నాకు మా కాలేజీ స్టోరు గదిలో అతుకులు ఊడి పడి ఉన్న పెద్ద గాజుతొట్టి గుర్తొచ్చి ఎర్రచేపల మాట ఎత్తాను. అన్నయ్య నవ్వాడు. మంచినీళ్లా, అన్నాడు. ఆ మర్నాటికే తొట్టి మా ఇంటికొచ్చింది, అతుకులు పడ్డాయి, హాల్లో గోడవారన దానికొక ఇనప బల్ల తయారైంది. వదిన మిషన్లు రెండు పక్కకి జరగాల్సి వచ్చింది. భర్త ఒకచోట కూర్చుంటాడన్న ఆశతో ఆవిడే ఒక మిషను మోసింది.

రాళ్ల కోసం అన్నయ్యా నేనూ ఉప్పాడ వెళ్లాం. పగడపు రాళ్లు తియ్యడం నేరమని, మన తీరాన అవి దొరకవని, దొరికినా తను ముట్టుకోనని అన్నయ్య ముందే చెప్పాడు. బొరియలున్న సున్నపు రాయి ఏదైనా సరే, ఉప్పులో బాగా నానినదైతే చాలన్నాడు. ఒడ్డున తిరుగుతుంటే, అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ మా అవస్థ చూసి నవ్వి, రాళ్ల కోసం ఇంత దూరం రావాలా బాబూ అని, భర్తని కేకేసి పడవ మీద పంపించింది. ఒడ్డుకి కాస్త ఎడంగా, నీళ్ల అడుగున వలలు చింపే చోటొకటి ఉందిట. ఆయన మునిగి తెచ్చిన ముక్కలు నేను చేత్తో పట్టుకుని చూశాను: గుల్ల సున్నంతో కట్టిన పాత గోడ పెచ్చులు, ఇటుకలు కరిగిపోయి సున్నం మిగిలినవి, వాటి నిండా ఆలిచిప్పలు, గొట్టాల పురుగులు, ఆకుపచ్చవీ ఊదావీ పాకుళ్లు. ఆవిడ దగ్గరికొచ్చి ఒక పెచ్చుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా వంటిల్లు బాబూ. మా అత్త పొయ్యి పెట్టుకున్న గోడ. సముద్రం తినేసింది" అంది. అన్నయ్య గబుక్కున రాయి కింద పెట్టేశాడు. అయ్యో, వద్దులెండమ్మా అన్నాడు. "తీసుకెళ్లండి బాబూ, ఇప్పుడేం వంట చేస్తాం అందులో. మా వలలైనా చిరగవు" అని ఆవిడే గోనె సంచులు తడిపి రాళ్లని చంటిపిల్లల్ని చుట్టినట్టు చుట్టి వ్యానులో పెట్టించింది. డ్రమ్ముల నిండా లోపలి సముద్రం నీళ్లు పోయించుకుని బయల్దేరాం. దారి పొడుగునా అన్నయ్య వెనక్కి తిరిగి సంచుల మీద నీళ్లు చల్లుతూనే ఉన్నాడు.

తర్వాత మొదలైంది కంపు.

పెరటి వసారాలో బట్టలుతుక్కునే సిమెంటు తొట్టిలో రాళ్లు పెట్టి, మీద తాటాకు తడిక కప్పి, రెండు గాలి మోటార్లు వదిలాడు. మొదట సముద్రం వాసనే వచ్చింది, వదిన కూడా బాగుందనే అంది. రెండో రోజుకి కుళ్లిన రొయ్యల వాసన. ఆ మీద దానికి పేరు లేదు. వసారాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పడగ్గదిలోకి, అక్కణ్నించి హాల్లోకి వచ్చి, టైపు మిషన్ల రిబ్బన్లకి కూడా పట్టుకుంది. టైపు కొట్టే పిల్లలు ముక్కుకి రుమాలు కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని కట్టుకున్నారు కొన్నాళ్లు. తర్వాత ఒక్కొక్కరే జ్వరమని, ఊరెళ్లామని మానేశారు. అన్నయ్యకి మాత్రం అదొక పండగ. లుంగీ ఎగ్గట్టి తొట్టి పక్కన కూర్చుని, రాయి తర్వాత రాయి తీసి, పాత టూత్‌బ్రష్‌తో చచ్చిన నాచునీ నల్లబడ్డ స్పంజినీ తోమి, ఉప్పునీళ్లలో జాడించి, మళ్లీ పేర్చేవాడు. నేను కాలేజీ నుంచి రాగానే గాజు గొట్టంలో ఆ నీళ్లు తీసి, భీమవరంలో రొయ్యల చెరువుల వాళ్లు వాడే మందు చుక్కలు వేసి చూసేదాన్ని. నీళ్లు పసుపుగా ఉంటే మంచిది, ఆకుపచ్చకి తిరిగితే కుళ్లులో పుట్టి చేపల్ని చంపే అమ్మోనియా ఉన్నట్టు. రోజూ చిక్కటి ఆకుపచ్చే. పరీక్ష అవగానే మళ్లీ చూడమనేవాడు. ఇందాకే చూశాను కదా అంటే, ఇందాకటికీ ఇప్పటికీ మారి ఉండదా అనేవాడు. ఒకచోట కూర్చోవడానికి పెట్టుకున్న పని అతన్ని ఇంకా తిప్పింది. తడిక ఎత్తి చూడ్డం, దించడం, వీధిలోకి వెళ్లి రావడం, మళ్లీ ఎత్తడం.

వదిన ఓర్పు ఎప్పుడు తెగిందంటే, పరీక్షకి కట్టిన ఒక పిల్ల తండ్రి వచ్చి, అమ్మాయిని వేరే చోట చేర్పిస్తానండీ, ఏమీ అనుకోకండని మర్యాదగా చెప్పి వెళ్లిన రోజు. వసారా గుమ్మంలో నిలబడి, "ఈ ఇంట్లో ఆ రాళ్లన్నా ఉండాలి, నా మిషన్లన్నా ఉండాలి. మీరే తేల్చండి" అంది. అన్నయ్య బ్రష్షు పక్కన పెట్టి, "ఇంకొన్నాళ్లే. వాటికి ప్రాణం వస్తోంది" అన్నాడు. "నాకు పోతోంది" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

తేల్చింది మాత్రం కంపెనీ. బొంబాయి రమ్మని ఫోనొచ్చింది, వెళ్లాడు, పరీక్షలన్నీ బాగున్నాయన్నారు, కొద్ది రోజుల్లో విశాఖపట్నంలో ఓడ ఎక్కమన్నారు. తిరిగొచ్చిన మనిషి మొహం నాకింకా గుర్తుంది, సంతోషం దాచుకోవడం రాని చిన్నపిల్లాడి మొహం. వదిన అది చూసింది. బాగుందండీ, మంచి మాటే కదా అని స్వీటు చేసింది.

రాళ్ల పత్యం ఇంకా పూర్తి కాలేదు. వెళ్లేలోపు వాటి మధ్య ఒక చేప తిరగడం చూడాలని అతనికి. బయల్దేరే ముందు రోజు, ఎవరికీ చెప్పకుండా పొద్దుటే ఉప్పాడ వెళ్లి, రాళ్ల సందుల్లో తిరిగే చారల చేపలు చిన్నవి రెండు బకెట్లో తెచ్చాడు. వాసన చాలా తగ్గింది గానీ నా గొట్టంలో ఇంకా లేత ఆకుపచ్చ ఉంది. వద్దన్నయ్యా, బతకవు అన్నాను. ఏం కాదు, కాస్తే కదా అని, అప్పటికే నీళ్లు నింపిన గాజుతొట్టి వైపు రాళ్లు మోసుకురావడం మొదలుపెట్టాడు. నేను అడ్డం నిలబడ్డాను. నేనెప్పుడూ అన్నయ్యకి అడ్డం చెప్పినదాన్ని కాను. అంతలో వదిన హాల్లోంచి వచ్చి, అతని పక్కనున్న చేపల బకెట్టు తీసేసుకుని, "వెళ్లాలన్న తొందర మీకు. వాటికేం తొందర?" అంది.

ఆ మాట రాళ్ల గురించి కాదని ముగ్గురికీ తెలుసు. అన్నయ్య రాళ్లు తిరిగి సిమెంటు తొట్టిలో పెట్టి, అదే బకెట్టుతో మళ్లీ కాకినాడ బస్సెక్కి చేపల్ని సముద్రంలో వదిలేసి వచ్చాడు. మర్నాడు విశాఖ వెళ్లిపోయాడు.

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి తొట్టి ఖాళీ అయిపోయి ఉంటుందనే అనుకున్నాను, రాళ్లు వీధి చివర పడి ఉంటాయేమోనని దారిలో చూసుకుంటూ కూడా వచ్చాను. పెరట్లోకి వెళితే వదిన పైట ముక్కుకి చుట్టుకుని, పీట వేసుకుని, టూత్‌బ్రష్‌తో రాయి తోముతోంది. నన్ను చూసి, "ఇలా నుంచుంటావేం, ఆ గొట్టం పట్రా" అంది. ఎందుకని నేనడగలేదు. ఆ వంటింటి గోడ కథ ఆవిడకి ఉప్పాడ నుంచి వచ్చిన రోజే చెప్పాను, అది మనసులో పడిందేమో. లేకపోతే అరవడానికి మనిషి లేని ఇంట్లో చేతులకి పని కావాల్సి వచ్చిందేమో. ఆవిడకీ కుదురు లేదని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ మిషన్ల టకటకల్లో వినబడలేదంతే.

ఒక మధ్యాహ్నం తడిక ఎత్తి చూస్తూ నన్ను కేకేసింది. ఒక రాయి అంచున సన్నటి గొట్టంలోంచి కుంకుమ రంగు విసనకర్ర లాంటిది విచ్చుకుని ఉంది, గోటి పాటి కూడా లేదు. వదిన నీడ పడగానే చటుక్కున లోపలికి పోయింది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నెమ్మదిగా మళ్లీ విచ్చుకుంది. "నన్ను చూసి సిగ్గుపడుతోందమ్మాయ్" అంది వదిన. నేను దాని శాస్త్రీయ నామం చెప్పబోయి మానేశాను. ఆ వారంలోనే గొట్టంలో నీళ్లు పసుపు రంగులో నిలబడిపోయాయి; రాయి ముక్కు దగ్గర పెట్టుకుంటే వాన కురిసిన ఇసక వాసన తప్ప మరేమీ లేదు.

చేపల కోసం ఈసారి వదినే నన్ను వెంటబెట్టుకుని ఉప్పాడ బయల్దేరింది. ఆ పెద్దావిడ నన్ను గుర్తుపట్టి, "మా గోడ ఎలా ఉందమ్మా?" అనడిగింది. పువ్వులు పూస్తోందండీ అని వదిన చెబితే ఆవిడ నమ్మలేదు, నవ్వింది. ఇద్దరూ వల పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. మీ ఆయన సముద్రం లోపలికి వెళ్లి రావడం ఆలస్యమైతే ఎలా కూర్చుంటారండీ అని వదిన అడగడం, కూర్చోమమ్మా, ఎవరు కూర్చోగలరు అని ఆవిడ అనడం నాకు వినబడింది.

చారల చేపలు రెండు హాల్లోకి వచ్చాయి. మానేసిన పిల్లలు తొట్టి చూడ్డానికి వచ్చి మిషన్ల దగ్గర కూర్చున్నారు, కొత్తవాళ్లు కూడా చేరారు. అన్నయ్య ఏదో ఒక రేవు నుంచి ఫోను చేసినప్పుడల్లా ముందు రాళ్లెలా ఉన్నాయనే అడిగేవాడు. "బతికే ఉన్నాం" అనేది వదిన.

ఆ ఏడు తుఫాను ఎలా వచ్చిందో మన తరం వాళ్లకి నేను వర్ణించనక్కర్లేదు, గోదావరి జిల్లాల్లో ప్రతివాళ్లకీ తమ తుఫాను ఒకటి ఉంటుంది. అన్నయ్య ఓడ కలకత్తా వైపు నుంచి విశాఖ వస్తోందని అంతకు ముందే ఫోన్లో చెప్పాడు. గాలి మొదలైన రోజు కరెంటు పోయింది, ఆ వెనకే ఫోను. రేడియోలో ఓడలన్నీ రేవుల్లోంచి సముద్రంలోకి వెళ్లిపోయాయని చెప్పారు, రేవులో ఉంటే గోడలకి కొట్టుకుని పగిలిపోతాయిట. ఇంటి కంటే ఆ నడిసముద్రమే నయమట. వదిన అది విని బ్యాటరీలు అయిపోతాయని రేడియో కట్టేసింది.

తొట్టిలో గాలి మోటారు ఆగిపోయింది. నీళ్లు కదలకపోతే ముందు చేపలకి ఊపిరాడదు, ఆ తర్వాత రాళ్లలో ఉన్నవి చస్తాయి, చచ్చి మిగిలినవాటిని చంపుతాయి. వదిన చెంబు తెచ్చింది. తొట్టిలో ముంచడం, మోచెయ్యి పైకెత్తి అంతెత్తు నుంచి ధారగా పొయ్యడం. మళ్లీ ముంచడం. బయట కొబ్బరిచెట్లు విరుగుతున్న చప్పుడు, కిటికీ రెక్క బాదుకుంటున్న చప్పుడు, లోపల ఈ ధార. నేను తీసుకుంటానంటే కాసేపు ఇచ్చేది, మళ్లీ లాక్కునేది. ఖాళీ చేతులతో ఆవిడ ఆ హాల్లో నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయేది; మిషన్ల మీద గుడ్డలు తీసి మళ్లీ కప్పేది, ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని దించేది. గాలి తగ్గాక చుట్టుపక్కల ఉండే టైపు పిల్లలు కొందరు ఎలా ఉన్నారండీ మేడమ్ అని వచ్చి, సంగతి చూసి, వాళ్లంతట వాళ్లే బ్యాచీలుగా నిలబడి చెంబు అందుకున్నారు. రెండు చేపల్లో ఒకటి పోయింది. వదిన దాన్ని తీసి గన్నేరు మొదట్లో పెట్టి వచ్చి మళ్లీ చెంబు తీసుకుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఓడ పేరు కూడా ఎత్తలేదు. ఎత్తితే చెంబు ఆగిపోతుందని భయమేమో. ఫోను మాత్రం మూగగానే ఉంది. ఊరికి కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

అన్నయ్య ఎలా వచ్చాడంటే, నడిచి వచ్చాడు. ఓడ క్షేమంగా విశాఖ చేరగానే సెలవు అడిగి, దొరికిన లారీ ఎక్కి, చెట్లు పడ్డ చోట దిగి, మళ్లీ ఇంకో లారీ పట్టుకుని, ఆఖరి దూరం బురదలో నడిచాడు. మధ్యాహ్నం వేళ వీధి తలుపు తీసే ఉంది. నేను అన్నయ్యా అని అరిచాను. వదిన తలెత్తి చూసింది. చేతిలో నిండు చెంబు ఉంది, దాన్ని ఆవిడ మధ్యలో ఆపలేదు. ధారంతా పోసి, చెంబు పూర్తిగా ఖాళీ అయ్యాక, అతని చేతికిచ్చి, "ఇక మీరు పొయ్యండి" అంది. అని, అక్కడే నేల మీద, మిషన్ల మధ్య, కొంగు తల కింద పెట్టుకుని పడుకుండిపోయింది. ఆవిడ ఎక్కడ లేస్తుందోనని అన్నయ్య తడిబట్టలతోనే, చప్పుడు చెయ్యకుండా, చెంబు బాగా కిందికి దించి సన్నగా పొయ్యడం మొదలుపెట్టాడు. కాస్సేపయ్యాక నన్ను సైగతో పిలిచి సైకిలు ట్యూబూ పంపూ తెమ్మన్నాడు. ట్యూబు నిండా గాలి కొట్టి, దాని మూతికి సన్న గొట్టం తగిలించి తొట్టిలో వదిలితే బుడగలు రావడం మొదలైంది. అది చూసి కూడా అతను చెంబు కింద పెట్టలేదు. అంతసేపు ఒకే చోట నిలబడ్డ అన్నయ్యని నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

అతను మళ్లీ ఓడ ఎక్కలేదని చెబితే కథ బాగుంటుంది గానీ, ఎక్కాడు. ఇంకా కొన్నేళ్లు తిరిగాడు, వాళ్లకి కూతురు పుట్టాక గానీ మానలేదు. మానాక కాకినాడ దగ్గర రొయ్యపిల్లల హేచరీలో చేరి, సముద్రం కనబడే చోట కుర్చీ వేసుకుని, ఆ కుర్చీలో తక్కువగా కూర్చుని, రిటైరయ్యాడు. టైపు మిషన్లు పోయి ఆ హాల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఉప్పుగాలికి పాడవుతాయని తొట్టి తీసేశాం. రాళ్లని వదిన తీసుకెళ్లి ఉప్పాడలో నీళ్లకి ఇచ్చేసి వచ్చింది. ఆ పెద్దావిడ ఇల్లు అప్పటికి ఇంకో వీధి వెనక్కి జరిగింది. దానవాయిపేట ఇల్లు అమ్మేశాక అక్కడొక అపార్ట్‌మెంటు లేచింది. అన్నయ్య పోయి కొన్నేళ్లయింది, నిద్రలో, కదలని మంచం మీదే. వదిన కాకినాడలో కూతురి ఇంటికి దగ్గర్లో ఉంటోంది. ఎదురు ఫ్లాటు సంగతి చెబుదామని మొన్న ఫోను చేస్తే, "వాసన పూర్తిగా పోయేదాకా చేపలెయ్యొద్దని చెప్పమ్మాయ్, వాళ్లకి తొందరగా ఉంటుంది" అంది. చెప్పాను. ఆ పిల్ల నీళ్లలో ఏముందో ఫోన్లో చూపించే మిషను ఒకటి ఉందని చూపించింది. ఆకుపచ్చా పసుపూ అక్కర్లేదు, అంకెలే వస్తాయి.

అలాంటిదే ఇంకొకటి చూశాను ఈమధ్య కాకినాడ వెళ్లినప్పుడు. మేనకోడలు తన ఫోన్లో సముద్రం పటం తెరిస్తే బంగాళాఖాతం నిండా చీమల్లా చుక్కలు, ప్రతి చుక్కా ఒక ఓడట, వేలు పెడితే దాని పేరు, ఎక్కణ్నించి ఎక్కడికి పోతోందో, ఎంత వేగంతో పోతోందో అన్నీ చెబుతుంది. ఆ రోజుల్లో మనకిది ఉంటే ఎంత బాగుండేది వదినా అన్నాను. వదిన కళ్లజోడు సవరించుకుని, ఒక చుక్క మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి, చాలాసేపు చూసింది. తర్వాత ఫోను కూతురికి ఇచ్చేస్తూ, "చుక్క కదలకపోతే ఏం చేసేదాన్నమ్మాయ్?" అంది.

తెలియకపోవడమనే కష్టం ఇప్పటి పిల్లలకి చాలా మట్టుకు తీరిపోయింది, తీరడమే మంచిది, మళ్లీ రావాలని ఎవరు కోరుకుంటారు. కానీ ఆ తుఫాను రోజుల్లో మా వదిన చేతుల్ని ఆడించింది ఆ తెలియకపోవడమే. తెలిసి ఉంటే ఆవిడ ఆ చుక్క ముందే కూర్చుండిపోయేదేమో. నీళ్లు ఎవరు పోసేవారో నాకు తెలియదు.